డేట్‌కి వారం ముందు పట్టని జాకెట్

ఈసారి ఉత్తరాలు విప్పితే సగానికి పైగా పొట్ట గురించే. అందులోనూ "నెలంతా బానే ఉంటా గానీ పీరియడ్ డేట్ దగ్గరపడితే కడుపు డ్రమ్ములా అయిపోద్ది" అన్నవే ఎక్కువ. మన ఇళ్ళల్లో దీన్నెవరూ జబ్బు కింద లెక్కేయరు కాబట్టి డాక్టర్ దాకా రాదు, వచ్చినా వేరే పని మీద వచ్చి, లేచి వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి "ఇంకోటి అడగొచ్చా మేడం" అని అడుగుతారు. అందుకే ఈ నెల మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. పేర్లు తీసేశా, ఊళ్ళు మాత్రం ఉంచా.

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నేను బీసెంట్ రోడ్డులో చీరల షాపులో సేల్స్‌లో చేస్తాను, పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉంటాం. డేట్‌కి వారం పది రోజుల ముందు నుంచి పొట్ట ఉబ్బిపోయిద్ది, జాకెట్ హుక్కులు పట్టవు, రాత్రి లంగా బొందు విప్పితే నడుం చుట్టూ ఎర్రగా గాడి పడి ఉంటది. మొన్న మెడికల్ షాపు బయట మెషీన్ ఎక్కి చూసుకుంటే కేజీన్నర పెరిగా, పీరియడ్ అయిపోయాక చూస్తే మళ్ళీ మామూలే. పెళ్ళయి రెండేళ్ళు, ఆ వారం నా పొట్ట చూసి తోటివాళ్ళు, ఒక్కోసారి చీరలు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా "ఏమ్మా, విశేషమా?" అంటారు, ఏం చెప్పాలో తెలీదు. రాత్రి భోజనం మానేసి చూశా, నీళ్ళు తగ్గించి చూశా, తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. క్యారేజీలో పెరుగన్నం ఆవకాయే తీసుకెళ్తా, పొద్దున్నే కూర చేసే టైం ఉండదు. ఒంట్లో నీరు పోయే టాబ్లెట్ ఏదో ఉంటదంట కదా, అది వేసుకోవచ్చా? (విజయవాడ, 29 ఏళ్ళు)

జవాబు: ముందు ఆ కేజీన్నర సంగతి తేల్చేద్దాం తల్లీ. అది కొవ్వు కాదు. కేజీన్నర కొవ్వు పట్టాలంటే నువ్వు రోజూ తినే తిండి కాకుండా ఇంకో పదకొండు వేల క్యాలరీలు ఆ వారంలో అదనంగా తినాలి, పెరుగన్నం క్యారేజీతో అది అయ్యే పని కాదు. అది నీళ్ళు, గ్యాసు, ఇంకా బయటికి పోకుండా ఆగిన మలం, ఈ మూడే. పీరియడ్ అవగానే మెషీన్ మళ్ళీ పాత నంబర్ చూపిస్తోందంటే దానర్థం ఇదే. చాలామందికి అర కేజీ నుంచి రెండు కేజీల దాకా ఇలా వచ్చి పోతూ ఉంటుంది, కొత్తేం కాదు.

ఎందుకొస్తుందంటే, వచ్చే డేట్‌కి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుద్ది, అక్కడి నుంచి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది. దాని డ్యూటీ గర్భసంచి కండరాన్ని కదలకుండా మెత్తగా ఉంచడం, ఒకవేళ గర్భం నిలిస్తే జారిపోకూడదని. బానే ఉంది కానీ పేగుల గోడల్లో ఉన్నదీ అదే జాతి కండరం, హార్మోన్‌కి ఇది గర్భసంచి ఇది పేగు అని తేడా తెలీదు, రెండిటినీ జోకొట్టేస్తుంది. దాంతో తిన్నది పేగుల్లో మెల్లగా నడుస్తుంది, ఎక్కువసేపు ఉంటుంది, అక్కడున్న బాక్టీరియాకి పండగ, గ్యాస్ తయారవుతుంది, విరేచనం ఫ్రీగా అవ్వదు. ఇంకోపక్క ఉప్పుని కిడ్నీలు బయటికి వదలకుండా పట్టి ఉంచే ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ కూడా ఈ రెండో సగంలోనే ఎక్కువగా ఉంటుంది, ఉప్పు ఎక్కడుంటే నీళ్ళు అక్కడ. మన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు దించేస్తే పైన కృష్ణ ఎలా నిండుతుందో అలాగన్నమాట. పీరియడ్ మొదలయ్యే ముందు ఈ హార్మోన్లు పడిపోతాయి, గేట్లు లేస్తాయి, అందుకే మొదటి రెండు రోజులు యూరిన్ ఎక్కువగా వెళ్ళి ఒళ్ళు తేలికైనట్టుంటుంది. దానికి తోడు నువ్వు పదకొండు గంటలు నిలబడే ఉంటున్నావు, సాయంత్రానికి పాదాల దగ్గర చెప్పుల పట్టీ అచ్చు పడుతోందా లేదా చూసుకో, పడే ఉంటుంది.

ఇప్పుడు నీ క్యారేజీ దగ్గరికి వద్దాం, అసలు సంగతి అక్కడుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే ఒక్క చిన్న స్పూను, అదీ రోజు మొత్తానికి, కూర, పప్పు, చారు, టిఫిన్‌లో చట్నీ అన్నీ కలిపి. మనం ఆవకాయ కలిపేటప్పుడు ఉప్పుని స్పూనుతో కొలుస్తామా? గిన్నెతో కొలుస్తాం. అది పచ్చడి నిలవుండడానికి కావాల్సిందే, తప్పు దానిది కాదు, కూర లేదని అన్నం మొత్తం దాంతోనే లాగించేయడంలో ఉంది. పైన ఒక ఊర మిరపకాయ, రెండు అప్పడాలు, ఇంకేముంది. గుంటూరు జిల్లాలో పుట్టినదాన్ని, పచ్చడి మానేయమని నీకు చెబితే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు. మానొద్దు. డేట్‌కి పది రోజుల ముందు నుంచి క్యారేజీలో పచ్చడి బదులు కూర పెట్టుకో, పచ్చడి ఇంటికొచ్చాక ఉసిరికాయంత వేసుకో. పొద్దున్నే టైం లేదన్నావు, రాత్రే బీరకాయో సొరకాయో పొట్లకాయో వండి ఫ్రిజ్‌లో పెట్టేస్తే పొద్దున వేడి చేసుకుని గిన్నెలో పెట్టుకోవడమే, ఈ మూడూ కడుపుకి తేలిక. ఒక చక్కెరకేళి పండు బ్యాగులో పడేసుకో, అరటిపండులో ఉండే పొటాషియం ఉప్పుని బయటికి తోయడానికి సాయం చేస్తుంది. పెరుగు మంచిదే, పాలు పడనివాళ్ళకి కూడా పెరుగు చాలావరకు పడుతుంది.

నీళ్ళు తగ్గించడం మాత్రం పూర్తిగా రివర్స్ పని. నీళ్ళు తక్కువైతే ఒళ్ళు ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, మలం గట్టిపడిపోయి ఉబ్బరం రెట్టింపవుతుంది. నువ్వెందుకు తగ్గించావో కూడా నాకు తెలుసు, షాపుల్లో పనిచేసే అమ్మాయిలందరూ చెప్పేదే, బాత్రూం ఏ మూడో అంతస్తులోనో ఉంటుంది, కౌంటర్ వదిలి వెళ్తే సూపర్‌వైజర్ చూపు ఇంకోలా ఉంటుంది, అందుకని పొద్దున్నించి గుక్కెడు నీళ్ళు కూడా తాగరు. కూర్చోవడం సంగతీ అంతే. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే సౌకర్యం ఇవ్వాలని చట్టమే చేశారు. ఇక్కడ ఓనర్లు చట్టం కోసం చూడకుండా కౌంటర్ వెనక నాలుగు స్టూళ్ళు వేస్తే వాళ్ళ సొమ్మేం పోదు, చదివే ఓనర్లుంటే ఆలోచించండి. నువ్వు మాత్రం గంటకోసారి రెండు గుక్కలు తాగుతూ ఉండు. మధ్యాహ్నం తిన్నాక ఐదు నిమిషాలు అటూ ఇటూ నడు. రాత్రి పడుకునే ముందు కాళ్ళు దిండు మీద ఎత్తుగా పెట్టుకుని పావుగంట ఉంటే కాళ్ళకి దిగిన నీరు వెనక్కి లాగుతుంది.

రాత్రి తిండి మానేయడం కూడా వద్దు. మానేస్తే మర్నాడు సాయంత్రం ఆకలికి ఆగలేక ఏం తింటావో చెప్పనా, షాపు బయట పునుగులు. శనగపిండి బజ్జీలు, మీద పచ్చి ఉల్లిపాయ ముక్కలు, మినప్పిండి పునుగులు, ఇవి మామూలు రోజుల్లోనే గ్యాసు, పేగులు నిద్రపోతున్న వారంలో అయితే చెప్పక్కర్లేదు. పైగా గ్యాస్ పోతుందని ఒక సోడా తాగుతాం, సోడాలో ఉండేదే గ్యాస్ కదా, తేన్పు వచ్చిందని సంబరపడటమే. ఇంకో సంగతి, నీళ్ళల్లో వేస్తే బుసబుసా పొంగే గ్యాస్ పొడులుంటాయి చూడు, అందులో సోడియం బోలెడంత, ఉప్పు తగ్గించమని చెప్పి అది తాగమంటే అర్థం లేదు. వాము వేసి మరిగించిన నీళ్ళు, జీలకర్ర నీళ్ళు తాగొచ్చు, పెద్ద మందేం కాదు గానీ వేడి నీళ్ళు కడుపులోకి వెళ్ళడమే కొంత హాయి. వాములో ఉప్పు కలిపి నమిలే అలవాటుంటే ఆ ఉప్పు మానెయ్.

టాబ్లెట్ విషయం. నీరు పోయే మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి కావు. అవి నీళ్ళతో పాటు ఒంటికి కావాల్సిన లవణాల్ని కూడా ఊడ్చుకుపోతాయి, మే నెల బెజవాడ ఎండలో అది వేసుకుని పదకొండు గంటలు నిలబడితే కళ్ళు తిరిగి చీరల మధ్యలో పడతావు. మరీ భరించలేనివాళ్ళకి డాక్టర్లు చూసి, పరీక్ష చేసి ఒక రకం ఇస్తాం, అదీ గర్భం కోసం చూస్తున్నవాళ్ళకి ఇవ్వం. నీకు నేను చెప్పేది కాల్షియం. 1998లో అమెరికాలో చేసిన ఒక పెద్ద పరీక్షలో రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం వేసుకున్న ఆడవాళ్ళకి మూడో నెలకి వచ్చేసరికి నీరు పట్టడం, చిరాకు, నొప్పి తగ్గాయి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకంటే బాగా. మనకి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ళు 2020లో పెట్టిన లెక్క రోజుకి 1000 మిల్లీగ్రాములు. గ్లాసు పాలకి 300 దాకా వస్తుంది, 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350, నువ్వుల్లో ఇంకా ఎక్కువ. పెద్దమనిషి అయిన పిల్లకి మన అమ్మమ్మలు నువ్వులు బెల్లం కలిపి దంచి చిమ్మిలి ముద్దలు పెట్టేవాళ్ళు, గుర్తుందా, వాళ్ళకి మిల్లీగ్రాములు తెలీవు, చెయ్యి మాత్రం సరైన డబ్బాలోకే వెళ్ళింది. రోజుకో చిమ్మిలుండ తిను, చాలదనిపిస్తే అప్పుడు మాత్ర గురించి మాట్లాడదాం, కిడ్నీలో రాళ్ళు వచ్చిన చరిత్ర ఉంటే మాత్రం అడక్కుండా వేసుకోవద్దు.

ఒక పని చెయ్. వంటింట్లో పాల ప్యాకెట్ల లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంటుంది కదా, ఉబ్బరం ఉన్న రోజు ఆ గడిలో చిన్నగా "ఉ" అని రాయి, పీరియడ్ వచ్చిన రోజు చుక్క పెట్టు. మూడు నెలలు. "ఉ"లన్నీ చుక్కకి ముందే గుంపుగా ఉండి, చుక్క తర్వాత రెండు మూడు రోజుల్లో మాయమైతే ఇదంతా నేను పైన చెప్పినదే. అలా కాకుండా నెలంతా చిందరవందరగా ఉంటే క్యాలెండర్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళు, థైరాయిడ్ ఉండొచ్చు, పాలు పడకపోవడం ఉండొచ్చు, ఇంకోటి ఉండొచ్చు. డేట్ దాటిపోయి ఉబ్బరంగా ఉంటే ముందు గర్భం ఉందేమో యూరిన్ టెస్ట్ చేసుకో.

"విశేషమా" అని అడిగేవాళ్ళకి "అవునండీ, ఆవకాయ విశేషం" అని చెప్పు. నవ్వేసి ఊరుకుంటారు.

ప్రశ్న: మేడం, నేను ఇంటర్ సెకండియర్, విజయవాడలో హాస్టల్లో ఉంటాను. పీరియడ్ ముందు నాలుగు రోజులు మోషన్ అవ్వదు, పొట్ట రాయిలా ఉంటది, మొదటి రోజు మాత్రం ఒకటే లూజ్ మోషన్స్, కడుపు నొప్పి. ఇదేం విచిత్రం? లావవుతున్నానని పొద్దున టిఫిన్ మానేశాను. (17 ఏళ్ళు)

జవాబు: విచిత్రమేం కాదురా. ముందు నాలుగు రోజులు పేగులు ఎందుకు బద్ధకిస్తాయో పైన రాశా, చదువు. మొదటి రోజు గర్భసంచి బిగుసుకుని రక్తాన్ని బయటికి తోయడానికి ప్రోస్టాగ్లాండిన్స్ అనేవి తయారవుతాయి, అవి పక్కనే ఉన్న పేగుని కూడా కదిలిస్తాయి, అందుకే ఆ రోజు మోషన్స్. ఒకటి రెండు రోజుల్లో అదే ఆగుతుంది. నొప్పి మాత్ర వేసుకుంటే ఏదైనా తిన్నాకే వేసుకో, ఖాళీ కడుపున వేసుకుని స్టడీ అవర్‌లో కూర్చుంటే మంట మొదలవుద్ది. టిఫిన్ మానేయకు, పొద్దున్నే ఏదో ఒకటి కడుపులో పడితేనే పేగులు కదులుతాయి, నువ్వు మానేసి మలబద్ధకాన్ని పెంచుకుంటున్నావు. టిఫిన్ నచ్చకపోతే కనీసం అరటిపండు. ఇంకొక్కటి, నొప్పి వల్ల ప్రతి నెలా క్లాసులు పోతున్నాయన్నా, మోషన్‌కి వెళ్ళేటప్పుడు లోపల కోసినట్టు నొప్పి వస్తోందన్నా "అందరికీ ఉండేదే" అని వార్డెన్ అన్నా అమ్మమ్మ అన్నా ఊరుకోకు, అమ్మని తీసుకుని గైనకాలజిస్ట్ దగ్గరికి రా, గర్భసంచి లోపలి పొరలాంటిది గర్భసంచి బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు ఇలాగే మొదలై ఏళ్ళ తరబడి ఎవరికీ పట్టకుండా ఉండిపోతుంది.

ప్రశ్న: మా ఆవిడకి ఆ వారం పొట్ట ఉబ్బి, చిరాకుగా ఉంటుంది. పాపం అని రోజూ ఆటోనగర్ నుంచి ఇంటికెళ్తూ మిరపకాయ బజ్జీలు, కూల్ డ్రింకు తీసుకెళ్తున్నా. అయినా నా మీదే అరుస్తుంది. (విజయవాడ, 38 ఏళ్ళు)

జవాబు: మీ మనసు మంచిదే అన్నయ్యా, పొట్లమే తప్పు. బజ్జీల బదులు ఒక కొబ్బరిబోండాం తీసుకెళ్ళండి, ఆ వారం రాత్రి గిన్నెలు మీరు తోమండి. తర్వాత మళ్ళీ ఉత్తరం రాయండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. వరలక్ష్మీ వ్రతానికి డేట్ అడ్డం వస్తుందని మా అత్తయ్య గారు మెడికల్ షాపు నుంచి పీరియడ్ పోస్ట్‌పోన్ అయ్యే టాబ్లెట్లు తెప్పించారు, తొమ్మిది రోజులు వాడా. పొట్ట ఇంత లావున ఉబ్బింది, ఛాతీ బరువుగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంది, తలనొప్పి. నిరుడు మా మరిది పెళ్ళికీ, తిరుపతికీ కూడా ఇలాగే వాడా. ఏమన్నా అవుద్దా? (34 ఏళ్ళు)

జవాబు: శ్రావణమాసం వచ్చిందంటే మెడికల్ షాపుల్లో ఈ స్ట్రిప్పులు శనగల్లా అమ్ముడుపోతాయమ్మా. అందులో ఉండేది నోరెథిస్టిరాన్, ప్రొజెస్టిరాన్‌కి చుట్టమే. మామూలుగా పీరియడ్ ముందు ఆ హార్మోన్ పడిపోతేనే బ్లీడింగ్ మొదలవుతుంది, ఈ మాత్ర దాన్ని పడనివ్వకుండా నిలబెడుతుంది. అంటే నువ్వు వాయిదా వేసింది పీరియడ్‌ని, పొడిగించుకుంది ఉబ్బరం వారాన్ని. ఛాతీ బరువు, తలనొప్పి కూడా ఆ లెక్కలోవే. ఆపేశాక రెండు మూడు రోజుల్లో డేట్ వస్తుంది, దాంతో ఇవి కూడా దిగిపోతాయి. రాకపోతే టెస్ట్ చేయించుకో.

ఎప్పుడో ఒకసారి, డాక్టర్‌ని అడిగి, డేట్‌కి మూడు రోజుల ముందు నుంచి కొద్దిరోజులు వాడితే చాలామందికి ఇబ్బందేం ఉండదు. నాకు భయం ఎక్కడంటే ఎవరూ ఏమీ అడక్కుండా చేతిలో పెట్టేయడం. కాళ్ళల్లో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, ఎందుకో తెలియని బ్లీడింగ్ ఉన్నవాళ్ళు వీటి జోలికి పోకూడదు. వాడుతుండగా ఒక్క కాలికే వాపు, పిక్కలో నొప్పి వచ్చినా, ఆయాసం, గుండెల్లో పోటు వచ్చినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా మాత్ర ఆపేసి వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాలి, అత్తగారిని అడిగి కాదు. వ్రతం సంగతి కూడా చెబుతా, నేనూ చేసుకుంటా కాబట్టి. రెండో శుక్రవారం కుదరకపోతే శ్రావణంలో ఇంకో శుక్రవారం చేసుకోవడం మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉన్నదే, మీ అత్తయ్య గారికీ తెలుసు. వచ్చే ఏడు మాత్రల స్ట్రిప్పు కంటే ముందు పంచాంగం తియ్యమనండి.

ప్రశ్న: మేడం, మా అమ్మకి 53 ఏళ్ళు, గుంటూరు. ఏళ్ళ తరబడి సీజన్‌లో మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్ళేది, పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేవరు, నీళ్ళు తాగదు, మలబద్ధకం ఎప్పటినుంచో ఉంది. నెలసరి ఆగిపోయి ఏడాదిన్నర. రెండు నెలల నుంచి పొట్ట ఉబ్బే ఉంటుంది, తగ్గట్లేదు, నాలుగు ముద్దలకే చాలంటుంది. కారం ఘాటుకి అలవాటే గ్యాసు అని రోజూ గ్యాస్ టాబ్లెట్ వేసుకుంటోంది. మీ కాలమ్‌లో హార్మోన్ల ఉబ్బరం గురించి చదివి ఇది కూడా అదేనేమో అని రాస్తున్నా.

జవాబు: ఇది అది కాదమ్మా. పైన ఉన్న జవాబులేవీ మీ అమ్మగారికి పనికిరావు, అందుకే ఈ ఉత్తరాన్ని కావాలనే వేస్తున్నా. నెలసరి ఉన్నవాళ్ళకి వచ్చే ఉబ్బరం వస్తుంది, పోతుంది. నెలసరి ఆగిపోయిన ఆవిడకి ఇంకా హార్మోన్లు ఎక్కి దిగడం ఉండదు, పైగా రెండు నెలలుగా దిగట్లేదంటున్నావు, కొంచెం తినగానే నిండిపోతోందంటున్నావు. ఇలాంటప్పుడు అండాశయాలు చూడకుండా గ్యాస్ అనడానికి లేదు. అండాశయ క్యాన్సర్ మొదట్లో గడ్డలా చేతికి తగలదు, సరిగ్గా ఇలాగే, గ్యాసు అనిపించేటట్టు వస్తుంది. ఉన్నట్టే అనడం లేదు, ఇలా వచ్చిన చాలామందికి చివరికి వేరే మామూలు కారణమే తేలుతుంది, కానీ తేల్చుకోవాలి, అదీ ఈ వారంలోనే. ప్రైవేట్‌కి వెళ్ళే స్తోమత లేకపోతే గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) గైనిక్ ఓపీకి తీసుకెళ్ళు. పొట్ట స్కానింగ్, సీఏ 125 అనే రక్తపరీక్ష, డాక్టర్ చేత్తో చేసే పరీక్ష, మొదట ఇవి చాలు.

నువ్వు కూడా లోపలికి వెళ్ళు, బయట బెంచీ మీద కూర్చోకు. మన అమ్మలు డాక్టర్ ఎదురుగా కూర్చుంటే "కొంచెం గ్యాసండీ" అని ఒక్క ముక్క చెప్పి చెంగు సర్దుకుంటారు, బయట వందమంది లైన్లో ఉంటారు, ఆ మాటకి వచ్చేది మళ్ళీ గ్యాస్ టాబ్లెట్టే. అందుకని నువ్వే చెప్పు: రెండు నెలలుగా దాదాపు రోజూ ఉందని, నాలుగు ముద్దలకే నిండుతోందని, నెలసరి ఆగి ఏడాదిన్నర అని. పొత్తికడుపులో నొప్పి ఉందా, యూరిన్‌కి మాటిమాటికీ వెళ్తోందా, బరువు తగ్గిందా, ఆగిపోయిన నెలసరి మళ్ళీ ఏమన్నా కనపడిందా, ఇవి ఈ రాత్రి అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి కాగితం మీద రాసుకో, నీ దగ్గర సిగ్గుపడి దాస్తుంది, రెండోసారి అడుగు. వేసుకుంటున్న టాబ్లెట్ స్ట్రిప్పు కూడా బ్యాగులో పెట్టుకో. స్కానింగ్ అంటే పొద్దున్నే వెళ్ళండి, ఏం తినకుండా రమ్మంటారు, దారిలో టీ తాగనివ్వకు.